బయటి లైను తెగినను లోపలి వైఫై నిలుపుకొనుట

పాలసేకరణ కేంద్రములు గల సంఘముల సభ్యులకును కార్యదర్శులకును ఉపయోగించునట్టి యొక చిన్న సంగతిని ఈ నెల పాఠముగా వ్రాయుచున్నాము. సంగతి చిన్నదే గాని, అది తెలియకపోవుటవలన కలుగు నష్టము చిన్నది కాదు.

సాయంకాలము పాలు పోయువేళకు ఇంటర్నెట్టు లైను తెగుట మన పల్లెలలో వింత కాదు. రోడ్డు త్రవ్వువారి గునపము తగిలియో, గాలివానకు స్తంభమొరిగియో, పట్టణములో ఎక్కడనో యొక పెట్టెకు కరెంటు పోయియో లైను నిలిచిపోవును. కేంద్రములోని ఉద్యోగి చేతిలోని ఫోనును చూచి, "నెట్టు పోయిందమ్మా, కాస్త ఆగండి" అనును. క్యానులు వరుసగా నిలిచిపోవును. మనుష్యులు ఆగుదురు గాని వేసవికాలపు పాలు ఆగవు. అరగంట గడచిన పిమ్మట ఉద్యోగి పాలను తూచి, ఫ్యాటు అంకెను ఏదో కాగితపు తునకపై గీకికొని, రాత్రికి ఎక్కించెదనని చెప్పి పంపివేయును; లేదా ఫ్యాటు చూడకయే నిన్నటి అంకెను వేయును. ఈ రెండవ పని మోసపుచ్చు ఉద్దేశముతో చేయకపోయినను మోసముచేత కలుగు నష్టమునే కలిగించును. లీటరుకు ఒక్కొక్క ఫ్యాటు పాయింటునకు 8 రూపాయలని లెక్క కొరకు అనుకొందము. 5 లీటర్ల గేదెపాలు పోసినవారికి 6.8 పడవలసినచోట 6.0 పడినయెడల ఆ పూట 32 రూపాయలు పోయినట్లే. రెండు గేదెలతో సంసారము నడపుకొను ఇల్లాలికి అది లెక్కింపదగిన సొమ్ము.

ఇంతకును ఆ గదిలో ఇంటర్నెట్టుతో పని యెవరికి? తూనికయంత్రము బల్లమీదనే యున్నది. ఫ్యాటు చూచు యంత్రము దాని ప్రక్కనే. చీటీ అచ్చువేయు ప్రింటరు చేయి చాచిన దూరములో నున్నది. లెక్క వ్రాయు ఫోను ఉద్యోగి చేతిలోనే యున్నది. వీనినన్నిటిని కలుపు రౌటరు గోడమీద దీపములు వెలిగించుకొని కూర్చున్నది. తూనిక పలికిన అంకె నాలుగడుగుల దూరములోని ఫోనునకు చేరుటకు హైదరాబాదు పోయి రానక్కరలేదు. పైన పెద్దకాలువకు లాకులు మూసినంతమాత్రమున మన పొలములోని బావినీరు మన బోదెలలో పారుట మానునా? వైఫై మన పొలములోని బోదె వంటిది. ఇంటర్నెట్టు పెద్దకాలువ వంటిది. ఈ రెండును ఒకటే యని యెంచుటయే చిక్కునకంతకును మూలము. మనమట్లు ఎంచుటయే గాక, మన ఫోనులు కూడ అట్లే ఎంచునట్లు చేయబడియున్నవి.

తీగలు లేకుండ కంప్యూటర్లను కలుపు విద్య, ఇంటర్నెట్టు మన యిండ్లకు రాకపూర్వమే పుట్టినది. 1971లో హవాయి విశ్వవిద్యాలయమునందు నార్మన్ అబ్రామ్సన్ అను ఆచార్యుడును ఆయన తోడివారును, సముద్రము అడ్డముగా నున్న దీవులలోని విద్యాకేంద్రములను రేడియో తరంగములచేత ఒక ప్రధాన కంప్యూటరుతో కలిపిరి. దానికి అలోహానెట్ అని పేరు. ఇప్పటి వైఫైకి ఆధారమైన నియమావళి 802.11 అను సంఖ్యతో 1997లో వెలువడినది. మన దేశములో 2.4 గిగాహెర్ట్జుల తరంగములను, నిర్ణీతమైన శక్తికి లోబడి, లైసెన్సు లేకుండ వాడుకొనుటకు 2005లో ప్రభుత్వమువారు అనుమతించిరి. వైఫై నడచుటకు ఇంటర్నెట్టు ఉండితీరవలెనను మాట ఆ నియమావళిలో లేదు.

మరి ఫోను వైఫైని ఏల వదలును? ఫోను ఒక వైఫైకి కలిసినవెంటనే మనకు చెప్పకుండ ఒక పరీక్ష చేయును. ఆండ్రాయిడు ఫోనయినచో గూగులువారి నిర్ణీతమైన చిరునామా యొకదానికి చిన్న ప్రశ్న పంపును. 204 అను సంఖ్య గల ఖాళీ జవాబు తిరిగి రావలెను. ఐఫోను ఆపిలువారి చిరునామాను అడిగి, 'సక్సెస్' అను మాట గల పుటకై చూచును. విండోసు కంప్యూటరు మైక్రోసాఫ్టువారివద్దనుండి మూడు మాటల వాక్యమొకటి తెప్పించుకొనును. హోటళ్ళలోను రైల్వేస్టేషనులలోను వైఫైకి కలియగానే ఫోను నంబరడుగు పుట యొకటి వచ్చుట మీలో చాలమంది చూచియుందురు. అట్టి పుట అడ్డమున్నదేమో కనుగొనుటకే ప్రధానముగా ఈ పరీక్ష ఏర్పడినది. జవాబు రానిచో ఫోను ఆ వైఫైకి ఇంటర్నెట్టు లేదని గుర్తువేసి, తనలో సిమ్ము ఉన్నయెడల మొబైలు డేటా మార్గమునకు తిరుగును. కొన్ని ఫోనులు వైఫైని పూర్తిగా వదలి, ప్రక్క యింటి వైఫై మునుపు తెలిసినదైనచో దానిని పట్టుకొనును. అప్పుడు ఉద్యోగి తూనిక యెక్కడనని ఫోనునడిగిన, ఫోను పోయి సెల్ టవరును అడుగును. టవరునకు మన తూనిక సంగతి ఏమి తెలియును? తెరమీద 'కనెక్టు కాలేదు' అని పడును. అంతట యంత్రము చెడిపోయినదని కేక పుట్టును.

కాబట్టి మొదట చేయవలసిన పని ఫోనునకు నచ్చజెప్పుట. ఇంటర్నెట్టు లేని వైఫైకి కలిసిన కొద్దిసేపటికి ఆండ్రాయిడు ఫోనులో, ఇచ్చట ఇంటర్నెట్టు లేదు, అయినను కలిసియుండవలెనా అను అర్థము గల ప్రకటన పైనుండి దిగును. తొందరలో నున్నవారు దానిని వ్రేలితో ప్రక్కకు త్రోసివేయుదురు. అట్లు త్రోయరాదు. దానిని తాకి, ఈ నెట్‌వర్కును గూర్చి మరల అడుగవద్దను గడిలో గుర్తుపెట్టి, అవునని చెప్పవలెను. ఒకసారి చెప్పినచో ఆ నెట్‌వర్కు విషయములో ఫోను ఆ మాటను జ్ఞాపకముంచుకొనును. ఎవరైనను తెలియక కాదని చెప్పియున్నయెడల, సెట్టింగులలో ఆ నెట్‌వర్కును మరచిపొమ్మని చెప్పి, పాస్‌వర్డు ఇచ్చి కొత్తగా కలిపిన పిమ్మట ప్రశ్న తిరిగి వచ్చును.

దీనితో సరిపోదు. వైఫై మందముగా నున్నప్పుడు తానే మొబైలు డేటాకు మారు ఏర్పాటు అనేక ఫోనులలో కలదు. కొన్ని కంపెనీల ఫోనులలో అది వైఫై సెట్టింగులలో 'ఇంటెలిజెంట్ వైఫై' అనియు, మరి కొన్నిటిలో 'వైఫై అసిస్టెంట్' అనియు ఉండును. ఐఫోనులో 'వైఫై అసిస్ట్' అను పేరుతో మొబైలు డేటా పుటలో అట్టడుగున దాగియుండును. కేంద్రపు పనికి వాడు ఫోనులో దానిని ఆర్పివేయవలెను. ఐఫోనులో మరియొక మెలిక కలదు. 2020లో వచ్చిన 14వ ఐఓఎస్ మొదలుకొని, ఏ యాప్ అయినను అదే వైఫైలోని యితర యంత్రములను వెదకుటకు వాడుకరి అనుమతి కావలెను. మొదటిసారి అడిగినప్పుడు భయపడి వద్దన్నవారు సెట్టింగులలో 'లోకల్ నెట్‌వర్క్' అనుచోటికి పోయి అనుమతి ఇచ్చినగాని యాప్‌నకు తూనికగాని ప్రింటరుగాని కనబడదు.

ఈ సెట్టింగులన్నియు వెదకుట కష్టమని తోచువారికి సులభమార్గము కలదు. సేకరణవేళ మొబైలు డేటాను ఆర్పివేయుడు. ఫోనునకు వేరుదారి లేనప్పుడు ఉన్న దారినే నడచును. అంతకంటెను మేలైనది, సిమ్ము లేని ఫోనునొకదానిని కేంద్రమునకే విడిగా ఉంచుట. ఉద్యోగి సొంత ఫోనుమీద సంఘపు లెక్కలు నడపుట మాకెన్నడును ఇష్టము లేదు. పాలు కొలుచుచుండగా బావమరది ఫోను చేసిన లెక్క నడుమ నిలిచిపోవును. ఉద్యోగి పెండ్లికి పోయినచో లెక్కల ఫోను కూడ పెండ్లికి పోవును. ఇంటిలో మూలబడిన పాత ఫోనైనను బ్యాటరీ బాగుగా నుండి, కావలసిన యాప్ దానిలో నడచుచున్నచో ఈ పనికి చాలును. ఆ యాప్‌ను బ్యాటరీ పొదుపునుండి తప్పించుట మరువరాదు. లేనిచో తెర ఆరిన కొద్దిసేపటికి ఫోను దానిని నిద్రపుచ్చును.

పాలకేంద్రముతో సంబంధము లేని రైతులకు కూడ ఇదంతయు వర్తించును. సోలారు పంపుల యిన్వర్టర్లు కొన్నియు, వైఫై గల మోటారు స్టార్టర్లు కొన్నియు తమ వైఫైని తామే పుట్టించుకొనును. వానికి ఇంటర్నెట్టు పుట్టుకతోనే లేదు. బావిగట్టున నిలిచి ఫోను కలిపిన క్షణములోనే విడిపోవుచున్నదని చెప్పు రైతులు, పైన చెప్పిన ప్రకటనకు అవునని జవాబిచ్చి, మొబైలు డేటా ఆర్పి చూడవలెను. తరచుగా అంతటితో సరిపోవును.

ఇక రెండవ చిక్కు చిరునామాలది. వైఫైలో చేరిన ప్రతి యంత్రమునకును రౌటరు ఒక చిరునామాసంఖ్యను ఇచ్చును. 192.168 అని మొదలగు సంఖ్యలు సాధారణముగా కనబడును. ఇవి లోపలి నెట్‌వర్కుల కొరకే కేటాయింపబడినవి; వీనికి బయటివారి అనుమతి అక్కరలేదు. అయితే రౌటరు వీనిని శాశ్వతపట్టాగా ఇయ్యదు, కౌలుకిచ్చును. గడువు కొన్నిటిలో రెండు గంటలు, కొన్నిటిలో 24 గంటలు ఉండును. గడువు తీరకముందే యంత్రము తన కౌలును పొడిగించుకొనుచుండును గాని, కరెంటు పోయి రౌటరు మరల లేచినప్పుడు నిన్న తూనికకున్న సంఖ్య నేడు ఎవరి ఫోనుకైనను పోవచ్చును. లెక్కల ఫోను పాత సంఖ్యనే వెదకుచుండును. దీనికి ఉపాయము, కదలని యంత్రములకు సంఖ్యలను స్థిరపరచుట. ప్రతి యంత్రమునకును అడుగున అంటించిన చీటీపై మ్యాక్ సంఖ్య యని పన్నెండు అక్షరాంకముల గుర్తు ఉండును. రౌటరు పుటను తెరచి, ఈ మ్యాక్ సంఖ్యకు ఈ చిరునామాయే యని వ్రాసి భద్రపరచినచో ఆ చిరునామా యితరులకు పోదు. ఆ సంఖ్యలను గోడమీద అట్టపై వ్రాసి తగిలించుట మంచిది. పాస్‌వర్డును మాత్రము ఆ అట్టపై వ్రాయకుడు.

ఫోనుల విషయములో ఇచ్చట జాగ్రత్త కావలెను. 2019లో వచ్చిన 10వ ఆండ్రాయిడు మొదలుకొనియు, 2020లోని ఐఓఎస్ మొదలుకొనియు, ఫోనులు తమ అసలు మ్యాక్ సంఖ్యను దాచి ఒక్కొక్క నెట్‌వర్కునకు ఒక్కొక్క కల్పితసంఖ్యను చూపును. బజారులోని వైఫైలకు ఇది మంచి యేర్పాటే. కేంద్రపు ఫోనునకు స్థిరమైన చిరునామా ఇయ్యదలచినచో మాత్రము ఆ ఒక్క నెట్‌వర్కునకు ఫోను అసలు సంఖ్యనే వాడునట్లు మార్చుకొనవలెను.

యంత్రము 169.254 అని మొదలగు సంఖ్యను చూపినచో, దానికి రౌటరు చిరునామా ఇయ్యలేదనియు, విసిగి తనకు తానే యొక సంఖ్య పెట్టుకొన్నదనియు గ్రహింపవలెను. అప్పుడు యంత్రమును తిట్టక రౌటరువైపు చూడవలెను. ఒకే భవనములో రెండు రౌటర్లు పెట్టినచోట ఈ తంటా హెచ్చుగా పుట్టును. చిరునామాలు ఇచ్చు పని ఒక్క రౌటరుకే వదలి, రెండవదానిలో ఆ పనిని ఆర్పివేయవలెను. ఒక గ్రామమునకు ఇద్దరు కరణములు వేర్వేరు పట్టాలు వ్రాసినచో ఏమగునో ఇచ్చటను అదే యగును.

పేర్ల సంగతి కూడ చెప్పవలెను. కొన్ని యాప్‌లు సంఖ్యకు బదులు పేరుతో యంత్రమును వెదకును. పేరును సంఖ్యగా మార్చి చెప్పువాడు బయట నున్నచో, లైను తెగినప్పుడు చెప్పువాడుండడు. 2018లో వచ్చిన 9వ ఆండ్రాయిడు మొదలు 'ప్రైవేట్ డీఎన్ఎస్' అను ఏర్పాటు కలదు. ప్రకటనలు రాకుండుటకై కొందరు కుర్రవాండ్రు దానిలో ఏదో బయటి చిరునామా వ్రాసియుంచుదురు. అట్టి ఫోను లైను తెగగానే పేర్లన్నియు మరచిపోవును. కేంద్రపు ఫోనులో దానిని ఆర్పి, యాప్‌లో పేరునకు బదులు సంఖ్యనే వ్రాయుట క్షేమము.

సభ్యులకు కూడ వైఫై సౌకర్యము కల్పింపవలెనను సదుద్దేశముతో కొన్ని కేంద్రములవారు రౌటరులో 'గెస్ట్' నెట్‌వర్కును తెరచుదురు. మంచిదే. కాని అతిథుల నెట్‌వర్కులో చేరినవారికి సాధారణముగా ఇంటర్నెట్టు మాత్రమే కనబడును. తూనిక, ప్రింటరు కనబడవు. అది భద్రత కొరకు చేసిన ఏర్పాటు. ప్రింటరు లోపలి నెట్‌వర్కులోను, ఉద్యోగి ఫోను అతిథుల నెట్‌వర్కులోను ఉన్నచో రెండును ఒకే గదిలో నుండియు మాటలాడుకొనవు. ఫోను ఏ పేరు గల నెట్‌వర్కులో నున్నదో మొదట చూచిన తరువాతనే మిగిలిన వైద్యము చేయవలెను.

రౌటరు లేక కార్యదర్శిగారి ఫోను హాట్‌స్పాటుమీదనే నడచు కేంద్రములు కూడ కలవు. ఆపద్ధర్మముగా ఒప్పుకొనవచ్చును గాని స్థిరమైన ఏర్పాటుగా ఒప్పుకొనరాదు. ఎవరును కలిసియుండనప్పుడు కొన్ని నిమిషములకు తానే ఆరిపోవు గుణము హాట్‌స్పాటులకు గలదు. దానిని మాన్పించినను కార్యదర్శిగారు టీ త్రాగుటకు లేచిపోయినచో నెట్‌వర్కు కూడ ఆయనతోనే టీకొట్టునకు నడచును. చిన్న రౌటరు ఖరీదు సంఘమునకు భారము కాదు.

రౌటరును గురించి ముఖ్యమైన మాట యొకటి. ఫైబరు లైను తెగినప్పుడు కంపెనీ పెట్టెమీద ఎర్రదీపము వెలుగును. వెంటనే ఎవరో యొకరు లేచి పెట్టెను ఆర్పి వెలిగించును. రాకపోయిన మరల ఆర్పి వెలిగించును. బయట తెగిన ఫైబరు ఇట్లు ఆర్పి వెలిగించుటవలన అతుకుకొనదు. వైఫైని పుట్టించునది కూడ సాధారణముగా ఆ పెట్టెయే కాబట్టి, ఆర్పినప్పుడెల్లను లోపల చక్కగా నడచుచున్న నెట్‌వర్కును మనమే కూల్చినవారమగుదుము. పెట్టె లేచుటకు ఒకటి రెండు నిమిషములు పట్టును. ఈలోగా తూనికలోని చిన్నపరికరము కొన్నిమార్లు ప్రయత్నించి విరమించుకొనవచ్చును. లైను తెగినదని తెలిసినప్పుడు రౌటరును ముట్టుకొనవద్దని ఉద్యోగికి గట్టిగా చెప్పవలెను. ఈ ఒక్కటి పాటించినను సగము గొడవ తగ్గునని మా నమ్మకము.

కరెంటు పోవుట వేరు. దానికి బ్యాటరీ కావలెను. చిన్న రౌటరునకు సాధారణముగా 12 వోల్టుల విద్యుత్తు కావలసియుండును. సగటున 6 వాట్లు తినునని అనుకొందము. బజారులో దీనికై చిన్న యూపీఎస్‌లు అమ్ముచున్నారు. పెట్టెపై 8,000 మిల్లీ ఆంపియరు గంటలని పెద్ద అక్షరములతో నుండును. ఆ సంఖ్యను చూచి మురియరాదు. అది లోపలి బ్యాటరీ బిళ్ళలు గల 3.7 వోల్టుల లెక్క. 8 ని 3.7 చేత గుణించిన 29.6 వాటు గంటలు వచ్చును. 12 వోల్టులకు పెంచుటలో కొంత నష్టమగును గనుక 24 చేతికి వచ్చునని అనుకొన్నచో, 6 వాట్ల రౌటరు 4 గంటలు నడచును. ఒక పూట సేకరణకు ఇది చాలును. కారుబ్యాటరీకి నేరుగా కలుపువారు, చార్జింగులో నున్నప్పుడు దాని ఒత్తిడి 12ను దాటి 14 దరిదాపులకు పోవునని యెరుగవలెను. అన్ని రౌటర్లును దానిని ఓర్చుకొనవు.

రౌటరును ఉంచుచోటు గూర్చి వివరముగా వ్రాయ నక్కరలేదు గాని, దొంగలభయముచేత దానిని ఇనుపబీరువాలో పెట్టి తాళము వేయుట మాత్రము తగదు. ఇనుము తరంగమును మ్రింగివేయును. తలకంటె ఎత్తుగా, గోడ నడుమ, పాలట్యాంకునకును రేకులకును దూరముగా ఉంచవలెను. ఇప్పటి రౌటర్లు 2.4, 5 గిగాహెర్ట్జులను రెండు రకముల తరంగములను ఇచ్చును. 5 వేగమైనదే గాని గోడలను దాటుటలో బలహీనము. తూనికలలోను స్టార్టర్లలోను ఉండు చౌకపరికరములు అనేకము 2.4ను మాత్రమే వినగలవు. కనుక రెండింటికి వేర్వేరు పేర్లు పెట్టి, యంత్రములను 2.4లో చేర్చుట మేలు. రౌటరు తనంతట చానలు మార్చుకొనుచున్నప్పుడు ఈ చౌకపరికరములు తప్పిపోవుట కలదు. 1, 6, 11 లలో నొక చానలును స్థిరపరచినచో ఆ బాధ తగ్గును. కదలనట్టి యంత్రమునకు తీగ వేయగలిగినచో తీగయే ఉత్తమమని కూడ చెప్పుచున్నాము. అనేక కేంద్రములలో తూనిక, ఫ్యాటుయంత్రము తీగలతోనే కంప్యూటరునకు కలుపబడియున్నవి. అట్టివారు వైఫై మోజుతో ఆ తీగలను పెరికివేయవద్దు.

ఇంతవరకు చెప్పినదంతయు యంత్రము తన గదిలోనే మాటలాడగలదను నమ్మకముమీద చెప్పినది. అట్లు మాటలాడలేని యంత్రములు కూడ బజారులో నున్నవి. వాని యాప్ ఎల్లప్పుడును కంపెనీవారి దూరపు కంప్యూటరును అడిగియే, ఆ కంప్యూటరు ద్వారా ప్రక్కనున్న యంత్రమునకు ఆజ్ఞ పంపును. లైను తెగినచో అది కట్టెముక్క. కంపెనీ మూతబడినచో శాశ్వతముగా కట్టెముక్క. దీనికి సెట్టింగులలో మందు లేదు. కొనకముందే అడుగవలెను. అమ్మువాని నోటిమాటను నమ్మక, దుకాణములోనే రౌటరునుండి బయటి తీగను పెరికించి, ఫోనులో మొబైలు డేటా ఆర్పించి, యంత్రమును నడపి చూపుమనవలెను. నడచినచో కొనుడు. చూపుటకు సందేహించువానివద్ద కొనకుడు.

ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించుటకు కేంద్రప్రభుత్వమువారు 2022 జూనులో 63,000 సంఘములకు 2,516 కోట్ల రూపాయల పథకమును ఆమోదించిరి. అప్పుల ఖాతాలను దూరపు కేంద్రములలో ఉంచి నడపు ఇట్టి పద్ధతిలో, లైను లేనప్పుడు లోపలి వైఫై ఎంత బాగుగ నున్నను పెద్దఖాతా తెరచుట సాధ్యము కాదు. ఎరువుబస్తాలు ఇచ్చువేళ లైను పోయినచో నంబరు వేసిన కార్బను రసీదుపుస్తకమే గతి. పాలకేంద్రమునకును అట్టి పుస్తకమొకటి ఉండవలెను. కాగితము వాడుటకు సిగ్గుపడనక్కరలేదు. సిగ్గుపడవలసినది సిగరెట్టుపెట్టె అట్టపై ఫ్యాటు వ్రాయుటకు.

ఫోనులోగాని కంప్యూటరులోగాని లోపలనే వ్రాసి, లైను వచ్చిన తరువాత పైకి పంపు పద్ధతి గలచోట రెండు సంగతులు కనిపెట్టవలెను. మొదటిది గడియారము. యంత్రములు అనేకము ఇంటర్నెట్టునుండియే సమయము తెలిసికొనును. కొన్ని కేంద్రములలో లెక్కల కొరకు వాడు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న కంప్యూటర్లలో, 2023లో వచ్చిన 5వ రకమునకు ముందువానిలో గడియారమే లేదు. కరెంటు పోయి వచ్చి, ఇంటర్నెట్టు లేకున్నచో అవి పాతతేదీనే పట్టుకొని నడచును. సాయంకాలపు పాలు నిన్నటి పాలలో పడును. పదిరోజుల బిల్లులో ఒక పూట రెండుమార్లు, ఒక పూట సున్న వచ్చును. నాణెమువంటి బ్యాటరీ గల గడియారపు ముక్కను తగిలించినచో ఈ దోషము పోవును. లేనియెడల ఉద్యోగి ప్రతి పూటయు మొదటి చీటీపై తేదీని చదివి సరిచూడవలెను. రెండవది, లైను వచ్చిన పిమ్మట ఒకే పద్దు రెండుసార్లు పైకి పోకుండ చూచుట. చీటీలకు వరుసనంబరులున్నచో ఇది సులభముగా పట్టుబడును. సభ్యులు కూడ తమ చీటీలను పది రోజులు దాచి, బిల్లుతో పోల్చిచూచుకొనవలెను. అడుగుటకు మొగమాటపడనక్కరలేదు, సంఘము మీది.

ఈ ఏర్పాట్లన్నియు చేసిన తరువాత పరీక్ష చేయనిచో చేసినట్లు కాదు. మధ్యాహ్నము పనిలేని వేళ రౌటరునకు బయటినుండి వచ్చు తీగను మాత్రము తీసివేయుడు. ఫైబరు తీగయయినచో వంచక, కొనకు మూతపెట్టి జాగ్రత్తగా ఉంచుడు. కంపెనీ పెట్టె నుండి తీగ తీయుటకు జంకువారు లైనుమనిషిని పిలిచి అతని యెదుటనే చేయవచ్చును. అరగంట అట్లే వదలిపెట్టుడు. ఫోనులు కలిసినవెంటనే కాక, కొంతసేపటికి వదలు గుణము గలవి. పిమ్మట ఒక లీటరు నీటిని పాలుగా నెంచి తూచి, చీటీ అచ్చువేయించుడు. అది బాగుగా వచ్చినచో రౌటరు కరెంటు తీసి, రెండు నిమిషములాగి, మరల ఇచ్చి, యంత్రములన్నియు ఎవరును ముట్టుకొనకుండ తిరిగి కలిసికొన్నవో లేదో చూడుడు. ఏది కలియలేదో దాని పేరును, ఆనాటి తేదీని కేంద్రపు రిజిష్టరులో వ్రాసి, పాలకవర్గ సమావేశమునందు చదువవలెను. పరీక్ష ముగిసిన పిమ్మట తూచిన నీటిచీటీని రద్దుచేయుట మరువకుడు; లేనిచో నెలాఖరున ఎవరి ఖాతాలోనో ఒక లీటరు నీరు పాలై కూర్చుండును.